షిఫ్టుల్లో చేతులు మారే ఫోన్లు: వైఫై, హాట్‌స్పాట్‌లకు తాళం ఎలా వేయాలి?

షిఫ్ట్_సూపర్‌వైజర్ | ఆదివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. గాజువాక వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా పని చేస్తున్నాను. నా అసలు పని ఐటీ కాదు. కానీ ఫోన్లు, ప్రింటర్లు, వైఫై ఏది ఆగినా నా దగ్గరికే వస్తారు.

మా దగ్గర 14 ఆండ్రాయిడ్ ఫోన్లు ఉన్నాయి. ఎవరి సొంతమూ కాదు, మూడు షిఫ్టుల వాళ్లూ అవే వాడతారు. ఎనిమిది లోపల గ్రేడింగ్ బల్లల దగ్గర ఉంటాయి, వాటికి వైఫై మాత్రమే. మిగతా ఆరు బయట లారీలు దిగే చోట, తూకం దగ్గర, గేటు దగ్గర ఉంటాయి, వాటిలో సిమ్‌లు వేశాం. లాట్ నంబర్, కౌంట్, కిలోలు, ఎన్ని క్రేట్లు, అన్నీ ఒకే యాప్‌లో కొడతారు. ఆ యాప్ తప్ప ఇంకేదీ తెరవకుండా కియోస్క్ మోడ్ పెట్టాం.

యాప్ వరకు బాగానే ఉంది. గొడవంతా నెట్‌వర్క్ దగ్గరే. పైనుంచి కిందికి వేలితో లాగితే వచ్చే బటన్లు అందరికీ అందుబాటులో ఉన్నాయి. బయటి ఫోన్లలో ఎవరో హాట్‌స్పాట్ ఆన్ చేసి సొంత ఫోన్లకు నెట్ వాడుకుంటున్నారు. రోజు డేటా మధ్యాహ్నం రెండింటికల్లా అయిపోతోంది. లోపలి ఫోన్లలో ఒకరు వైఫై ఆపేస్తారు, ఇంకొకరి గ్లవ్ తగిలి ఏరోప్లేన్ మోడ్ పడుతుంది. మొన్న రాత్రి షిఫ్టులో మూడు గంటల ఎంట్రీలు సర్వర్‌కి చేరలేదు. లారీ బయలుదేరే టైముకి లాట్ లెక్క తేలక, తడిసిన చీటీలు ముందేసుకుని తెల్లవారుజాము దాకా కూర్చున్నాం. నిజంగా చాలా టెన్షన్ పడ్డాను.

యాప్ ఎలాగూ లాక్‌లోనే ఉంది. ఈ నెట్‌వర్క్ సెట్టింగ్స్ కూడా ఎవరూ ముట్టుకోకుండా చేయడం ఎలా?

మద్దిలపాలెం | ఆదివారం, రాత్రి 10:40

ముందు ఒక ప్రశ్న. మీరు కియోస్క్ అంటున్నది దేన్ని? ప్లే స్టోర్ నుంచి దించుకున్న లాంచర్ యాపా, ఫోన్‌లోనే ఉండే స్క్రీన్ పిన్నింగా, లేక ఫోన్‌ని మొదట్లోనే సంస్థ పేరున డివైస్ ఓనర్ పద్ధతిలో సెటప్ చేశారా? ఈ మూడూ వేరు వేరు. జవాబు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

షిఫ్ట్_సూపర్‌వైజర్ | ఆదివారం, రాత్రి 10:52

ప్లే స్టోర్ లాంచర్ అండి. రెండు ఫోన్లలో స్క్రీన్ పిన్నింగ్ మాత్రమే ఉంది. డివైస్ ఓనర్ అన్న మాట ఇప్పుడే వింటున్నాను. పది ఫోన్లు ఆండ్రాయిడ్ 12, నాలుగు పాతవి ఆండ్రాయిడ్ 9.

మద్దిలపాలెం | ఆదివారం, రాత్రి 11:25

అయితే అసలు లోపం అక్కడే ఉంది. స్క్రీన్ పిన్నింగ్ అనేది మన ఫోన్ కాసేపు పిల్లల చేతికి ఇచ్చేటప్పుడు వాడేది. బ్యాక్, రీసెంట్ బటన్లు కలిపి నొక్కి పట్టుకుంటే ఊడిపోతుంది. మామూలు లాంచర్ హోమ్ స్క్రీన్‌ని మారుస్తుంది, అంతే. ఫోన్ మీద దానికి అధికారం ఉండదు. సేఫ్ మోడ్‌లో ఆన్ చేస్తే మనం వేసుకున్న యాప్‌లన్నీ పక్కకు పోతాయి, ఆ లాంచర్ కూడా వాటితోనే పోతుంది.

ఆండ్రాయిడ్ 5 నుంచి లాక్ టాస్క్ మోడ్ అని ఒకటి ఉంది. అసలైన కియోస్క్ అదే. దాన్ని ఆన్ చేసే అధికారం డివైస్ ఓనర్‌గా, అంటే ఫోన్ మొత్తం మీద అధికారంతో, ఉన్న యాప్‌కే ఉంటుంది. అందులోకి వెళ్లిన ఫోన్‌లో పైనుంచి లాగితే ఏమీ రాదు, హోమ్ బటన్ పని చేయదు. ఆండ్రాయిడ్ 9 నుంచి నోటిఫికేషన్లు, హోమ్, పవర్ బటన్ మెనూ లాంటి వాటిలో ఏది ఉంచాలో ఏది తీసేయాలో మనమే విడివిడిగా ఎంచుకోవచ్చు. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. మనం ఏమీ చెప్పకపోతే పవర్ బటన్ మెనూ తెరిచే ఉంటుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో ఏరోప్లేన్ మోడ్ బటన్ ఆ మెనూలోనే ఉంటుంది.

డివైస్ ఓనర్ కావాలంటే మామూలుగా ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయాల్సి ఉంటుంది. రీసెట్ అయ్యాక వచ్చే మొదటి స్వాగతం తెర మీద ఒకే చోట ఆరుసార్లు తట్టండి. క్యూఆర్ స్కానర్ తెరుచుకుంటుంది. మీరు తీసుకున్న ఎండీఎం (ఫోన్లన్నిటినీ దూరం నుంచే ఒకే చోట అదుపు చేసే) సర్వీసు ఇచ్చే క్యూఆర్ చూపిస్తే మిగతాది అదే చేసుకుంటుంది. వైఫై పేరు, పాస్‌వర్డ్ కూడా ఆ క్యూఆర్‌లోనే పెట్టొచ్చు కాబట్టి 14 ఫోన్లలో చేత్తో కొట్టే పని ఉండదు.

డాల్ఫిన్స్_నోస్ | సోమవారం, ఉదయం 7:15

మద్దిలపాలెం గారు పునాది చెప్పారు. పోర్టు దగ్గర ఒక గోడౌన్‌లో స్కానర్ ఫోన్లు చూసుకుంటాను కాబట్టి దాని మీద ఏం కట్టాలో నేను చెబుతాను.

లాక్ టాస్క్ మోడ్ తెరను మూస్తుంది. కానీ తెర వెనుక సెట్టింగ్స్ అలాగే ఉంటాయి. ఏదో ఒక సందులోంచి ఎవరైనా అక్కడికి చేరితే అన్నీ మార్చేయగలరు. అందుకే ఆ సెట్టింగ్స్‌ని కూడా విడిగా లాక్ చేయాలి. ఎండీఎంలో వీటిని వెతకండి: వైఫై మార్పుల నిషేధం, మొబైల్ నెట్‌వర్క్ మార్పుల నిషేధం, టెథరింగ్ నిషేధం. మీ హాట్‌స్పాట్ బాధ ఆ మూడోదానితో పోతుంది, యూఎస్‌బీ, బ్లూటూత్ ద్వారా నెట్ పంచుకోవడం కూడా దాంతోనే ఆగుతుంది. ఏరోప్లేన్ మోడ్ నిషేధం ఆండ్రాయిడ్ 9లో వచ్చింది కాబట్టి మీ పాత నాలుగు ఫోన్లకూ అందుతుంది. నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్, సేఫ్ మోడ్, డెవలపర్ ఆప్షన్స్, వీపీఎన్ (ఫోన్ నెట్‌ని ఇంకో సర్వర్ గుండా పంపేది) మార్పులు కూడా ఆపేయండి. తేదీ, సమయం మార్చడం తప్పకుండా ఆపండి. తేదీ తప్పయితే సర్వర్ సర్టిఫికెట్ చెల్లదని యాప్ కనెక్షన్ తెంచేస్తుంది. వైఫై ఫుల్‌గా కనిపిస్తుంది, డేటా మాత్రం పోదు. ఒకసారి ఈ ఒక్క కారణం పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఇక సందుల గురించి. మీ యాప్‌లో ప్రైవసీ పాలసీ అని ఎక్కడైనా లింకు ఉందా? అది బ్రౌజర్‌ని తెరవబోతుంది. కీబోర్డులో సెట్టింగ్స్ గుర్తు ఉంటుంది, అక్కడినుంచి సహాయం పేజీలకు దారి ఉంటుంది. నెట్ లేనప్పుడు కొన్ని యాప్‌లు 'సెట్టింగ్స్ తెరవండి' అని బటన్ చూపిస్తాయి. అది పని చేయట్లేదని ఎవరైనా సెట్టింగ్స్ యాప్‌ని అనుమతి జాబితాలో చేర్చారంటే తలుపు బార్లా తెరిచినట్టే. చాలాచోట్ల జరిగే పొరపాటు ఇదే. వైఫై పేజీ ఒక్కటి కావాలని మొత్తం సెట్టింగ్స్‌ని లోపలికి రానిస్తారు.

14 ఫోన్లూ ఒకేసారి చేయకండి. ముందు రెండు చేసి, వారం రోజులు మీ దగ్గర అందరికంటే చురుకైన కుర్రాడి చేతిలో పెట్టండి. సందు ఉంటే అతనే కనిపెడతాడు.

సిరిపురం_సాయంత్రం | సోమవారం, మధ్యాహ్నం 1:05

ఐప్యాడ్లు వాడేవాళ్లు కూడా ఇది చదువుతారని రాస్తున్నాను. ఒక క్లినిక్‌లో పేషెంట్ల వివరాలు నింపే ఐప్యాడ్లు నేనే చూస్తాను.

గైడెడ్ యాక్సెస్ ఆండ్రాయిడ్ పిన్నింగ్ లాంటిదే, కాసేపటి కోసం. అసలు పని సింగిల్ యాప్ మోడ్‌తోనే అవుతుంది. దానికి ఐప్యాడ్ సూపర్‌వైజ్డ్‌గా, అంటే సంస్థ అదుపులో ఉండేలా సెటప్ చేసి, ఉండాలి. అందులో కంట్రోల్ సెంటర్ రాదు కాబట్టి వైఫై బటన్ ఎవరికీ అందదు. పైగా రెండు నియమాలు ఉన్నాయి. ఒకటి, ప్రొఫైల్ (ఐప్యాడ్‌కి పంపే సెట్టింగ్స్ ఫైలు) ద్వారా మనం పంపిన వైఫైలకు తప్ప వేరే దేనికీ కలవకుండా చేయడం. రెండోది ఐఓఎస్ 13లో వచ్చింది, ఏరోప్లేన్ మోడ్ వేసినా వైఫై ఆగకుండా ఉంచుతుంది.

మొదటి నియమంతో చాలా జాగ్రత్త. వైఫై ప్రొఫైల్ ఇంకా చేరని ఐప్యాడ్‌కి ఆ నియమం ముందు చేరిందనుకోండి, అది ఇక దేనికీ కలవదు. నెట్ లేదు కాబట్టి దిద్దుబాటు కూడా దానికి చేరదు. నాకు ఒకదానికి అలాగే అయింది. మ్యాక్ కంప్యూటర్‌కి కేబుల్‌తో కలిపి ఆపిల్ కాన్ఫిగరేటర్ యాప్‌తో సరి చేయాల్సి వచ్చింది. ముందు వైఫై పంపండి, చేరిందని కళ్లతో చూసుకోండి, ఆ తర్వాతే తాళం.

హార్బర్_అమ్మాయి | సోమవారం, సాయంత్రం 6:30

నేను మీలాంటి యూనిట్‌లోనే క్వాలిటీ విభాగంలో ఆరేళ్లు చేశాను. లాక్ గురించి పెద్దలు చెప్పారు, చేయండి. నేను అడిగేది వేరు. ఆ హాట్‌స్పాట్ ఎవరు పెడుతున్నారు, ఎందుకు పెడుతున్నారని ఎవరైనా అడిగారా?

ప్రాసెసింగ్ హాల్లోకి సొంత ఫోన్ తేనివ్వరు, శుభ్రత నియమం. లాకర్లో పెట్టాలి. మధ్యలో దొరికేది ఒక్క విరామం. పీలింగ్ బల్ల దగ్గర గంటల తరబడి నిలబడిన ఆడవాళ్లు ఆ కాసేపట్లో ఇంట్లో పిల్లాడి ముఖం చూద్దామని వీడియో కాల్ చేస్తారు. మా దగ్గర క్యాంటీన్ సరిగ్గా కోల్డ్ స్టోరేజీ గోడ వెనకాలే ఉండేది. ఆ గోడలు థర్మోకోల్ లాంటి దానికి రెండు వైపులా ఇనుప రేకు కొట్టినవి. రేకు సిగ్నల్‌ని ఆపేస్తుంది. కంపెనీ సిమ్ వేరే నెట్‌వర్క్‌ది, దానికి ఆ మూల సిగ్నల్ వచ్చేది. అంతే సంగతి. మీ దగ్గరా అదే అయి ఉండొచ్చు.

తాళం వేస్తే హాట్‌స్పాట్ ఆగుతుంది. కానీ వాళ్లకు ఆ కాల్ అవసరం రేపు కూడా ఉంటుంది. క్యాంటీన్‌కి విడిగా చిన్న గెస్ట్ వైఫై పెట్టించండి. మీ ఎంట్రీల నెట్‌వర్క్‌తో దానికి సంబంధం ఉండకూడదు, వేగానికి హద్దు పెట్టండి. ఇది మేనేజ్‌మెంట్‌ని అడగాల్సింది మీరే. వాళ్లు అడగలేరు.

షిఫ్ట్_సూపర్‌వైజర్ | సోమవారం, రాత్రి 9:48

అమ్మా, మీరు చెప్పింది చదివాక క్యాంటీన్‌కి వెళ్లి నిలబడి చూశాను. నా ఫోన్‌లో కూడా ఒక్క గీతే వస్తోంది. ఇన్నాళ్లూ గమనించనందుకు బాధగా ఉంది. రేపే మేనేజర్ గారితో మాట్లాడతాను.

పాడేరు_ఘాట్ | మంగళవారం, ఉదయం 8:20

నేను కొంచెం ఎదురు చెబుతాను. ఊరికే అన్నీ మూసేయకండి.

మేం ఏజెన్సీలో ఇంటింటి సర్వే చేసేవాళ్లం. ట్యాబ్లెట్లు విశాఖలో సెటప్ చేసి పంపారు. మొబైల్ నెట్‌వర్క్ మార్పులన్నీ నిషేధం. రెండు సిమ్‌లు ఉన్నాయి, కానీ డేటా దేనిలోంచి పోవాలో మార్చే వీలు లేదు. ఘాట్ ఎక్కాక ఒక ఊళ్లో ఒక కంపెనీ సిగ్నల్ ఉంటుంది, పక్క ఊళ్లో ఇంకోటి. రెండో సిమ్‌లో నిండుగా సిగ్నల్ ఉన్నా వాడలేక, రోజంతా సేకరించిన ఫారాలు సాయంత్రం పాడేరు దిగి వచ్చాక పంపేవాళ్లం. సిగ్నల్ ఉన్న ఊళ్లో కూర్చుని కూడా అదే పని.

నాలుగు గోడల మధ్య ఉండే ఫోన్‌కి ఒక నియమం, ఊళ్లు తిరిగే ఫోన్‌కి ఒక నియమం ఉండాలి. తిరిగే వాటిలో హాట్‌స్పాట్ ఆపండి, రీసెట్ ఆపండి. సిమ్ మార్చుకోవడం, వైఫై ఎంచుకోవడం వదలండి. కొన్ని ఎండీఎంల కియోస్క్ తెరలో వైఫై ఎంపిక మాత్రమే చూపించే చిన్న పేజీ ఉంటుంది, మొత్తం సెట్టింగ్స్ ఇవ్వక్కర్లేదు. ఆండ్రాయిడ్ 13 నుంచి ఏ వైఫై పేర్లకు కలవొచ్చో జాబితా కూడా ఇవ్వొచ్చు.

డాల్ఫిన్స్_నోస్ | మంగళవారం, ఉదయం 9:02

ఒప్పుకుంటాను. నేను గోడౌన్ ఫోన్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. సూపర్‌వైజర్ గారి ఫోన్లు గేటు దాటవు కాబట్టి ఆయనకు మూసేయడమే సరి.

షిఫ్ట్_సూపర్‌వైజర్ | గురువారం, రాత్రి 11:55 (పది రోజుల తర్వాత)

అందరూ దయచేసి చూడండి. పెద్ద ఇబ్బందిలో ఉన్నాను.

మీరు చెప్పినట్టే 14 ఫోన్లూ రీసెట్ చేసి డివైస్ ఓనర్ చేశాం. వైఫై, టెథరింగ్, ఏరోప్లేన్, రీసెట్ అన్నీ నిషేధం పెట్టాం. వారం రోజులు అద్భుతంగా నడిచింది. డేటా అయిపోవడం ఆగింది, ఒక్క ఎంట్రీ పోలేదు.

ఇవాళ మధ్యాహ్నం నేను సెలవులో ఉండగా ఇంటర్‌నెట్ వాళ్లు వచ్చి పాత రౌటర్ తీసి కొత్తది పెట్టారు. కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్. బయటి ఆరు ఫోన్లు సిమ్ మీద నడుస్తున్నాయి. లోపలి ఎనిమిదీ ఆగిపోయాయి. వైఫై మార్చడానికి వీల్లేదు, మేమే తాళం వేశాం. ఎండీఎంలో కొత్త వైఫై పెట్టాను, కానీ నెట్ లేని ఫోన్‌కి అది చేరడం లేదు. ఒక కుర్రాడు కంగారులో ఒక ఫోన్‌ని వాల్యూమ్, పవర్ బటన్లు నొక్కి రికవరీలోంచి రీసెట్ చేశాడు. అది ఇప్పుడు పాత అకౌంట్ అడుగుతోంది. మిగతా ఏడు కూడా అలాగే చేయాలా? ఉదయం ఆరింటికి లారీలు వస్తాయి.

మద్దిలపాలెం | శుక్రవారం, అర్ధరాత్రి 12:04

ఇంకే ఫోనూ రీసెట్ చేయకండి. ఆ ఏడింటినీ అలాగే వదిలేయండి. నిమిషంలో రాస్తాను.

మద్దిలపాలెం | శుక్రవారం, అర్ధరాత్రి 12:15

కంగారు పడకండి, దారి ఉంది. ఆ ఏడు ఫోన్లు పాత వైఫైని మర్చిపోలేదు. పాత పేరు, పాత పాస్‌వర్డ్ వాటిలో భద్రంగా ఉన్నాయి. ఆ పేరు గాల్లో కనిపించడం లేదు, అంతే. కాబట్టి పాత వైఫైని మీరే పుట్టించండి.

మీ సొంత ఫోన్‌లో హాట్‌స్పాట్ పేరుని పాత వైఫై పేరులాగే మార్చండి. చిన్న అక్షరం, పెద్ద అక్షరం, మధ్యలో ఖాళీ కూడా అచ్చం అలాగే ఉండాలి. పాస్‌వర్డ్ కూడా పాతదే. సెక్యూరిటీ రకం కూడా పాత రౌటర్‌లో ఉన్నదే పెట్టండి, ఎక్కువగా డబ్ల్యూపీఏ 2 ఉంటుంది. ఆన్ చేసి ఆ ఫోన్ల పక్కన పెట్టండి. అవి తమంతట తామే కలుస్తాయి. కలిసిన కాసేపట్లో ఎండీఎం నుంచి కొత్త వైఫై వాటిలోకి దిగుతుంది. ఎండీఎం తెర మీద ప్రతి ఫోన్ చివరిసారి ఎప్పుడు పలికిందో కనిపిస్తుంది, అది చూసి ఒక్కొక్కటీ సరిచూసుకోండి.

ఎండీఎంలో పాత వైఫైని మాత్రం ఇప్పుడే తీసేయకండి. కొత్తది దాని పక్కనే ఉండాలి.

షిఫ్ట్_సూపర్‌వైజర్ | శుక్రవారం, అర్ధరాత్రి 12:41

ఇంటినుంచి యూనిట్‌కి వచ్చాను. ఐదు ఫోన్లు కలిశాయి! కొత్త వైఫై వాటిలోకి వచ్చేసింది. రెండు పాత ఫోన్లు మాత్రం పట్టుకోవడం లేదు.

డాల్ఫిన్స్_నోస్ | శుక్రవారం, అర్ధరాత్రి 12:47

మీ హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉండి ఉంటుంది. ఆ పాత ఫోన్లు 2.4 మాత్రమే వినగలవేమో. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్ 2.4కి మార్చి చూడండి.

షిఫ్ట్_సూపర్‌వైజర్ | శుక్రవారం, రాత్రి 1:10

మార్చిన రెండు నిమిషాల్లో రెండూ కలిశాయి. ఏడు ఫోన్లూ ఇప్పుడు కొత్త రౌటర్ మీద ఉన్నాయి. రీసెట్ చేసిన ఎనిమిదో దానికి మేం ఎండీఎంలో రాసిపెట్టిన అకౌంట్‌తోనే తాళం తీశాను. మళ్లీ క్యూఆర్ స్కాన్ చేసి అప్పగించాలి. చేతులు ఇంకా వణుకుతున్నాయి. ఈ వేళప్పుడు మేలుకుని సాయం చేసిన ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం.

మద్దిలపాలెం | శుక్రవారం, ఉదయం 8:30

సంతోషం. ఇక మళ్లీ ఇలా జరగకుండా చూసుకుందాం.

నిన్నటిది తాళం తప్పు కాదు. తాళం వేసేటప్పుడే తిరిగి లోపలికి వెళ్లే దారి ఆలోచించకపోవడమే. నేను సెటప్ చేసే ప్రతి చోటా రెండు వైఫైలు పంపుతాను. ఒకటి రోజూ వాడేది. రెండోది ఎక్కడా లేని పేరు, పొడవాటి పాస్‌వర్డ్. ఆ పేరుతో ఏ రౌటరూ ఉండదు. అవసరమైన రోజు ఎవరి ఫోన్‌లోనైనా ఆ పేరుతో హాట్‌స్పాట్ పెడితే చాలు, ఫోన్లన్నీ కలుస్తాయి. ఆ పేరు, పాస్‌వర్డ్, బ్యాండ్, సెక్యూరిటీ రకం ఒక కాగితం మీద రాసి కవర్లో పెట్టి అంటించండి.

రౌటర్ మార్చాల్సి వస్తే వరుస ఇది: ముందు కొత్త వైఫైని ఫోన్లకు పంపండి, అన్నీ అందుకున్నాయని ఎండీఎంలో చూడండి, ఆ తర్వాతే రౌటర్ మీద చెయ్యి వేయండి. పాతదాన్ని తీసేయడం అన్నిటికంటే చివర. కుదిరితే కొత్త రౌటర్‌కి పాత పేరు, పాత పాస్‌వర్డే పెట్టించండి, అసలు గొడవే ఉండదు. ఇంటర్‌నెట్ వాళ్లకు ఆ ముక్క చెప్పే మనిషి ఆ రోజు అక్కడ ఉండాలి, అంతే.

ఎర్రమట్టి_దిబ్బలు | శుక్రవారం, ఉదయం 10:14

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను విశాఖలోనే ఉన్నాను. కరెంటు లేదు, ఫోన్ టవర్లు లేవు. రోజుల తరబడి ఎవరితోనూ మాట్లాడే దారి లేకపోయింది. ఆ అనుభవం తర్వాత ఏ సిస్టమ్ పెట్టినా, నెట్ వారం రోజులు లేకపోతే ఇది ఏమవుతుందని మొదట అడుగుతాను.

గూగుల్ వాళ్ల ఆండ్రాయిడ్ మేనేజ్‌మెంట్ మీద నడిచే ఎండీఎంలలో నెట్‌వర్క్ ఎస్కేప్ హ్యాచ్ అని ఒకటి ఉంది. ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు నెట్ దొరక్కపోతే, తాత్కాలికంగా ఏదైనా వైఫైకి కలవమని అడుగుతుంది. ఎండీఎం నుంచి కొత్త నియమాలు (పాలసీ) తెచ్చుకున్నాక ఆ తాత్కాలిక వైఫైని మర్చిపోతుంది. దాన్ని ఆన్ చేసి ఉంచండి. కానీ దాని మీదే భారం వేయకండి. వైఫై మార్పుల నిషేధం పెట్టి ఉంటే కొన్ని సందర్భాల్లో ఆ నిషేధమే గెలుస్తుంది, ఎస్కేప్ హ్యాచ్ తెరుచుకోదు. అందుకే మద్దిలపాలెం గారు చెప్పిన కవర్ ఇంకా గట్టిది.

నెట్ లేకపోయినా ఎంట్రీలు ఫోన్‌లోనే నిలిచి, వచ్చాక వాటంతట అవే పోయేలా మీ యాప్ చేసిన వాళ్లను అడగండి. అది లేకపోతే మిగతా ఏర్పాట్లన్నీ సగమే.

సిరిపురం_సాయంత్రం | శుక్రవారం, మధ్యాహ్నం 12:50

ఇంకో హెచ్చరిక. ఎప్పుడూ ఆన్‌లో ఉండే వీపీఎన్ పెట్టి, వీపీఎన్ లేకపోతే నెట్టే వద్దు అనే నియమం కూడా కొందరు పెడతారు. ఆ వీపీఎన్ సర్వర్ ఆగిన రోజు మీకు నిన్న అయిందే అవుతుంది, ఈసారి సిమ్ ఉన్న ఫోన్లకు కూడా. పెట్టాల్సి వస్తే ఎండీఎం యాప్‌కి మినహాయింపు ఇవ్వండి, ఆండ్రాయిడ్ 10 నుంచి ఆ వీలు ఉంది.

షిఫ్ట్_సూపర్‌వైజర్ | శనివారం, సాయంత్రం 5:20

ఒక చిన్న సందేహం. కొత్త రౌటర్‌లో మ్యాక్ అడ్రస్‌ల (వైఫైలో ఒక్కో ఫోన్‌ని గుర్తించే నంబర్ల) జాబితా పెట్టి మా 14 ఫోన్లకు మాత్రమే అనుమతి ఇద్దామనుకున్నాం. కానీ రీసెట్ చేసిన ఎనిమిదో ఫోన్ అడ్రస్ మారిపోయింది. ఫోన్ అదే కదా, అడ్రస్ ఎందుకు మారుతుంది?

డాల్ఫిన్స్_నోస్ | శనివారం, సాయంత్రం 5:44

ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్ తన అసలు మ్యాక్ అడ్రస్ చెప్పదు. ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత అడ్రస్ చూపిస్తుంది, మనుషులు ఎక్కడ తిరుగుతున్నారో ఎవరూ కనిపెట్టకుండా. ఒకే వైఫైకి మామూలుగా అదే అడ్రస్ ఉంటుంది, రీసెట్ చేస్తే మాత్రం కొత్తది పుడుతుంది. మీ ఆండ్రాయిడ్ 9 ఫోన్లకు ఈ తంటా ఉండదు. సెటప్ చేసేటప్పుడే ఆ వైఫై వివరాల్లో ఫోన్ అసలు అడ్రస్ వాడమని ఎంచుకోవచ్చు. అయినా మ్యాక్ జాబితాని రక్షణ అనుకోకండి, ఎవరైనా ఇంకో ఫోన్ అడ్రస్‌ని అరువు తెచ్చుకోగలరు. పాస్‌వర్డ్ పొడవుగా పెట్టి ఫోన్లలో దాన్ని చూపించే పేజీని మూసేయడమే మీకు చాలు. గెస్ట్ వైఫై విడిగా ఉంటే పాస్‌వర్డ్ కోసం ఎవరూ వెతకరు కూడా.

హార్బర్_అమ్మాయి | శనివారం, రాత్రి 8:00

గెస్ట్ వైఫై సంగతి ఏమైంది?

షిఫ్ట్_సూపర్‌వైజర్ | ఆదివారం, రాత్రి 9:35

పెట్టించాం అమ్మా. క్యాంటీన్ గోడకు చిన్న యాక్సెస్ పాయింట్ బిగించారు. వేగానికి హద్దు ఉంది, వీడియో కాల్‌కి సరిపోతుంది. పాస్‌వర్డ్ టీ కౌంటర్ పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించాను. నిన్న విరామంలో వెళ్తే పీలింగ్ సెక్షన్‌లో పనిచేసే పెద్దావిడ మనవడితో మాట్లాడుతూ కనిపించింది. ఇంతకు ముందు హాట్‌స్పాట్ పెట్టింది ఎవరని నేను ఎవరినీ అడగలేదు. ఇక అడగను.

కవర్ కూడా సిద్ధం చేశాం. నిన్న రాత్రి షిఫ్టులో నేను లేకుండా, వాళ్లతోనే ఒకసారి చేయించి చూశాను. లోపల ఒక ఫోన్‌ని రేకు డబ్బాలో పెట్టి వైఫై పోయేలా చేసి, కవర్ తెరిచి, అందులో ఉన్న పేరుతో ఒక అబ్బాయి తన ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, లోపలి ఫోన్‌ని బయటకు తీయకుండానే డబ్బా దగ్గర పెట్టాడు. కలవలేదు. ఆ డబ్బా రేకు హాట్‌స్పాట్‌ని కూడా ఆపేస్తుందని అప్పుడు అర్థమైంది. రౌటరే పది నిమిషాలు ఆపి మళ్లీ చేశాం. ఎనిమిది ఫోన్లూ కలిశాయి.

మొదట కవర్‌ని ఆఫీసు బీరువాలో పెట్టాను. రాత్రి షిఫ్టులో బీరువా తాళంచెవి ఎవరి దగ్గరా ఉండదని వాళ్లే చెప్పారు. అందుకని సీలు వేసి, తూకం దగ్గర గోడకున్న ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో పెట్టాం. సీలు తీసిన వాళ్లు తేదీ, సమయం రాసి సంతకం పెట్టాలని దాని మీదే రాశాను. ఆ మర్నాడే పాస్‌వర్డ్ మార్చి కొత్త కవర్ పెడతాను.